పిడికెడు బియ్యం పద్దు

శుక్రవారం, సికింద్రాబాద్

పెళ్లి మాటలప్పుడు మొదలైన పంచాయితీ ఇది. మా అత్తగారిది వికారాబాద్ పక్క. "మేం మెథడిస్టులం" అన్నారు వాళ్లు, ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో అదో శాఖ. "మేము మాత్రం? మెథడిస్టులమే" అంది మా అమ్మమ్మ. తీరా పెళ్లి కాయితాల దగ్గరికి వచ్చేసరికి మా అయ్యగారు, అంటే పాస్టరు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), వాళ్ల అయ్యగారు ఎంసీఐ (మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా). బిషప్పులు వేరు, ఆఫీసులు వేరు, చివరికి రసీదు పుస్తకం రంగు కూడా వేరు. అసలు మెథడిస్టులు ఎవరన్నది పన్నెండేళ్లయినా మా ఇంట్లో తేలలేదు. కూర మాడిన రోజు ఈ ప్రస్తావన తప్పకుండా వస్తుంది.

అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె పుట్టిన ఊరు మెదక్ దగ్గర. అక్కడి సంఘం చరిత్ర ఎవరైనా రాసిపెడితే బాగుండునని అయ్యగారు మా మామతో అన్నారట. మామ నా పేరు చెప్పేశాడు. "నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తనే ఉంటవు గద" అన్నాడు ఫోన్లో. నేను రాసేది బ్యాంకు లోన్ల రిపోర్టులు. ఆ ముక్క చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. జనవరి మొదటివారంలో రెండు రోజులు సెలవు పెట్టి, శని ఆదివారాలు కలుపుకొని బయల్దేరాను.

బయల్దేరడం అంటే మొదట తిరుమలగిరి దాకానే. ఇంగ్లిషువాళ్ల నోట్లో పడి త్రిముల్ఘరి అయిన తిరుమలగిరి. మా కథకు మొదటి మెట్టు ఈ కంటోన్మెంటే. ఇంగ్లండ్ వెస్లియన్ మెథడిస్టులు 1880 ప్రాంతంలో విలియం బర్జెస్‌ను సికింద్రాబాద్ పంపారు. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే పాతికేళ్ల కుర్రాడు వచ్చాడు. అతనికి అప్పగించిన పని ఇక్కడి తెల్ల సిపాయిలకు బోధ చేయడం. ఆ పని అతనికి రుచించలేదు. మరుసటి ఏడే మెదక్ దారి పట్టాడు. సిపాయిలు కాస్త శ్రద్ధగా విని ఉంటే మా అమ్మమ్మ పేరు ఇంకేదో అయ్యేది. మిలటరీ గోడల పక్కన స్కూటర్ ఆపి, అరటిపళ్ల బండివాడి దగ్గర నిలబడి ఇదే ఆలోచించాను. గోడల లోపలికి మనల్ని ఎలాగూ రానివ్వరు.

మధ్యాహ్నం గాంధీనగర్‌లోని థియలాజికల్ కాలేజీకి వెళ్లాను. లైబ్రరీలో నాలుగు గంటలు కూర్చున్నాను. చదివినవాటిలో సగం నిద్రపుచ్చేవే. కానీ ఒక సంగతి మాత్రం నోట్‌బుక్కులో రెండుసార్లు రాసుకున్నాను.

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ మనుషులకు గుడి కట్టిన అప్పు మీద పడింది. ఎలా తీర్చాలని కూర్చున్నప్పుడు ఓ ఓడ కెప్టెన్ లేచి, మనిషికి వారానికో పెన్నీ వేసుకుందామన్నాడు. అదీ లేనోళ్లు చాలామంది ఉన్నారని ఇంకొకరు అన్నారు. అయితే అందరికన్నా పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, ఇచ్చిన కాడికి తీసుకుంటాను, ఇవ్వలేనివాళ్ల వంతు నేనే వేస్తాను అన్నాడట ఆ కెప్టెన్. అలా పన్నెండు మందికో జట్టు ఏర్పడింది. పెన్నీ కోసం వారం వారం గడప తొక్కే మనిషికి ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో తాగుడో, ఎవరికి పని పోయిందో అన్నీ తెలిసిపోయాయి. డబ్బుల వసూలు కాస్తా మంచీచెడ్డల విచారణ అయింది. మెథడిస్టుల 'క్లాసు' పుట్టింది అప్పులోంచే. లోన్లు రాసేవాణ్ణి కాబట్టి ఇది నాకు బాగా ఎక్కింది.

'మెథడిస్ట్' అన్నది కూడా పెట్టుకున్న పేరు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో వెస్లీ అన్నదమ్ములు గంట కొట్టినట్టు లేచి, గంట కొట్టినట్టు ప్రార్థన చేసి, గంట కొట్టినట్టు జైలు ఖైదీలను చూడ్డానికి పోతుంటే తోటి కుర్రాళ్లు వెక్కిరించిన పేరు. మన భాషలో చెప్పాలంటే పద్ధతిగాళ్లు.

ఇంకో విషయం. నిజాం రాజ్యంలో మిషన్లు ఒకరి పొలంలో ఒకరు దిగకుండా గట్లు వేసుకున్నాయి. జనగాం, హనుమకొండ, నల్లగొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు మెనోనైట్ బ్రదరెన్. డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ వైపు మా వెస్లియన్లు. వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు అమెరికా మెథడిస్టులు. ఎవరు ఏ మిషన్ అన్నది ఎవరేం నమ్మారన్న దానికన్నా ముందు ఏ తాలూకాలో పుట్టారన్న దాని మీద ఆధారపడింది. మా ఆవిడకు ఫోన్ చేసి చెబితే, "అంటే మీది గట్టుకు అవతల" అంది.

శనివారం, మెదక్

జేబీఎస్‌లో ఏడున్నర బస్సు. బాలానగర్ దాటేదాకా ఊరు వదలదు. గండిమైసమ్మ తర్వాత కిటికీలోంచి చలి కొట్టడం మొదలైంది. నర్సాపూర్ అడవి దగ్గర కోతులు రోడ్డు పక్కన వరసగా కూర్చుని మనం విసిరే అరటిపండు కోసం చూస్తుంటాయి. పొగమంచులో అవి కూడా శాలువాలు కప్పుకున్న పెద్దమనుషుల్లాగే ఉన్నాయి. పాస్నెట్ ఈ దిక్కుకు గుర్రం మీద వచ్చాడు. అప్పటికి మెదక్‌కు రైలు లేదు. ఆ రైలు అక్కన్నపేట నుంచి మెదక్ చేరింది 2022 సెప్టెంబరులో. గుర్రానికీ రైలుకూ మధ్య 126 ఏళ్లు.

మెదక్ గుడి గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. ప్రతి డిసెంబరు 25న టీవీలో చూపిస్తారు. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 170 అడుగుల పైచిలుకు గోపురం. పదేళ్లు కట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. ఆసియాలో అతిపెద్దది, వాటికన్ తర్వాత రెండోది అని ఏటా పేపర్లలో రాస్తారు. ఆ లెక్క ఎవరు వేశారో గానీ నాకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే వాటికన్ కేథలిక్కులది, మనం పద్ధతిగాళ్లం, పోటీ ఎందుకు?

నేను చూడాలనుకున్నది అద్దాల కిటికీలు. చిన్నప్పుడు అమ్మమ్మ చేయి పట్టుకుని వస్తే జనం నడుములు తప్ప ఏమీ కనపడలేదు. ఈసారి చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండు. అటు పుట్టుక, ఇటు సిలువ, ఎదురుగా ఆరోహణం. మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ గీసినవే. కానీ మూడూ ఒకేసారి రాలేదు. ఆరోహణం 1927లో వచ్చింది. క్రీస్తు పుట్టుక 1947లో, సిలువ 1958లో వచ్చాయి. అంటే మొదట నిజాం రాజ్యంలో పరలోకానికి ఎక్కి, స్వాతంత్ర్యం వచ్చిన ఏడు పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో సిలువ మీదికి వెళ్లాడన్నమాట. ఆ రంగులు బయటి వెలుగుకే మెరుస్తాయి. పొద్దు గుంకితే నల్లటి సీసం గీతలు తప్ప ఏమీ మిగలదు. నేలమీద బ్రిటన్ నుంచి తెప్పించిన పలకలు. వందేళ్ల అరికాళ్లు నడిచినా రంగు దిగలేదు. వాటి మీద ఎండ ఎర్రగా, నీలంగా పడుతుంటే ఓ చిన్నపిల్ల ఆ రంగు మీద కాలుపెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకుంటోంది. వాళ్లమ్మ ప్రార్థనలోంచే ఒక కన్ను తెరిచి పిల్ల జడ పట్టుకుని లాగింది.

ఇదంతా కరువు పని. పంటలు పోయిన కాలంలో పని కల్పించి తిండి పెట్టడానికి ఈ కట్టడం మొదలుపెట్టారు. "పాస్నెట్ దొర కట్టిండు" అంటారు ఇక్కడ. దొర కట్టించాడు. కట్టింది రాళ్లు మోసినవాళ్లు. ఇంకొకరిని అందరూ మర్చిపోతారు. దొర తోడబుట్టిన ఎమిలీ పాస్నెట్, ఆమెతో పాటు సారా హారిస్. వీళ్లిద్దరూ పల్లె ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించి, బైబిల్ స్త్రీలుగా తయారుచేసి ఊళ్లకు పంపారు. మా అమ్మమ్మ వాళ్లమ్మకు చదువు చెప్పింది అలాంటి ఓ బైబిల్ స్త్రీయే. దొర పేరు ఊరంతా తెలుసు. అక్షరం నేర్పినామె పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. "బైబిలమ్మ" అనేది అమ్మమ్మ, అంతే.

బయట చెట్ల కింద జనం టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ తిని ఆటో ఎక్కాను.

శనివారం సాయంత్రం, ఊరు

ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆటో మధ్యలో ఆగిపోయింది. డ్రైవర్ ప్లగ్ తీసి, తుడిచి, ఊది, మళ్లీ పెట్టి, చివరికి "అన్నా, జెర దిగి నూకు" అన్నాడు. నూకాను. రెండు పక్కలా యాసంగి నాట్ల కోసం దమ్ము చేసిన మళ్లు. బురద మీద కొంగలు. చీకటి పడేసరికి మామ బండి వేసుకుని ఎదురొచ్చాడు.

అమ్మమ్మ తమ్ముడు, మాకు చిన్న తాత, అరుగు మీద కంబళి కప్పుకుని కూర్చున్నాడు. ఎనభై దాటాయి. "వందనాలు తాతా" అంటే చేయి పట్టుకుని కళ్ల దగ్గరికి లాక్కుని చూశాడు. "అక్క ముక్కే దిగింది నీకు" అన్నాడు. అన్నం తిన్నాక ఓ రేకు పెట్టె తెప్పించాడు. తాళం ఉంది, తాళంచెవి లేదు. మామ రాయితో ఒక్కటేశాడు.

లోపల మూడు పుస్తకాలు. ఒకటి బాప్తిస్మం రిజిస్టరు. ఒకటి పద్దు పుస్తకం. మూడోది ఏదో తెలియదు, చెదలు దాన్ని మట్టిగూడు చేసేశాయి.

పద్దు పుస్తకం పొడుగ్గా, సన్నగా ఉంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా నిలువుగా తెరుచుకుంటుంది. మొదటి కాయితం మీద 'ఫసలీ 13' అని ఉంది, పక్కనున్న రెండంకెల చోట చెదలు చేసిన బెజ్జం. నిజాం కాలపు ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. చివరి రెండంకెలు లేకపోతే వందేళ్ల తేడా. లోపల నిజాం నాణెం హాలీ సిక్కా రూపాయల లెక్కలున్నాయి కాబట్టి భారత రూపాయి స్థిరపడకముందుదని మాత్రం తేలింది. నెలల పేర్లు కూడా అవే, అజూర్, దై, బహమన్. బహమన్ నెలలో 'మెదక్ పండుగకు బండి కిరాయి' అని ఒక ఖర్చుంది. బహమన్ అంటే సుమారు డిసెంబరు. అది 1924 క్రిస్మస్ అయితే ఎంత బాగుండు అనిపించింది. లోన్ ఫైల్లో ఇలాంటి ఆశను ఒప్పుకోను, కాబట్టి ఇక్కడా ఒప్పుకోలేదు.

మిగతాదంతా బియ్యం. పేజీల నిండా బియ్యమే.

రోజూ అన్నం వండేముందు దంచిన బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. వారం తిరిగేసరికి ఉపదేశి, అంటే ఊళ్లో సంఘానికి బోధ చేసే మనిషి, వచ్చి కొలిచి తీసుకుపోతాడు. అమ్మమ్మ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడు అది భక్తి కథలా ఉండేది. పద్దులో చూస్తే అలా లేదు. ఉపదేశి ఆడవాళ్ల పేర్లు రాయలేదు. ఇళ్ల గుర్తులు రాశాడు. 'చింతచెట్టు ఇంటామె - సోలెడు.' 'బావికాడి ఇంటామె - తవ్వెడు.' 'కడపటి ఇంటామె - ఇయ్యలే. కూలి లేదు.' తర్వాతి వారం మళ్లీ 'కడపటి ఇంటామె - ఇయ్యలే.' దాని కింద వేరే సిరాతో, చిన్న అక్షరాలతో 'ఆమెకే సోలెడు ఇచ్చిన.' మూడో వారం 'కడపటి ఇంటామె - సోలెడు.'

ఆ మూడు వరసలూ లాంతరు పెట్టుకుని చూసినట్టు ఫోన్ టార్చి పెట్టుకుని చూశాను. నిన్న గాంధీనగర్‌లో రాసుకున్న ఓడ కెప్టెన్ గుర్తొచ్చాడు. ఈ ఉపదేశికి ఆ కెప్టెన్ సంగతి తెలిసి ఉంటుందా? మెథడిస్టులు క్లాసు మీటింగును ఇక్కడిదాకా మోసుకొచ్చారని ఓ వాక్యం రాసేస్తే వ్యాసం గుండ్రంగా కుదురుతుంది. కానీ పిడికెడు బియ్యం మెథడిస్టుల సొత్తేం కాదు. మిజోరంలో ప్రెస్బిటీరియన్ ఆడవాళ్లు కూడా 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు. చేతిలో డబ్బు ఆడని ఇంట్లో ఆడదాని అధికారం నడిచేది బియ్యం కుండ మీదే. ఎవరి బుర్రకైనా తట్టే ఉపాయం.

కొలిచిన బియ్యం కోమటి దుకాణంలో అమ్మి, వచ్చిన పైసలతో ఏం కొన్నారో కూడా రాసి ఉంది. రాత్రి బడి లాంతరుకు గాసునూనె. పలకలు. ఆపైన వరసగా కొన్ని పేజీల్లో దూలాలు, కమ్మరికి కూలి, సున్నం, తలుపు చెక్క.

"తాతా, గుడి ఎవరు కట్టిచ్చిండ్రు?" అని అడిగాను.

"దొర" అన్నాడు తాత, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

"దూలాలు బియ్యం పైసలతోటి కొన్నట్టు రాసుంది."

చాలాసేపు మాట్లాడలేదు. "రాసింది నిజమే అయితది బిడ్డా. గని దొర గుర్రం మీద వచ్చి గా చింతచెట్టు కింద నిలవడ్డది గూడ నిజమే. మా నాయిన జూసిండు." తర్వాత ఆయన చెప్పింది రిజిస్టర్లలో లేదు. వాళ్ల తాతలు పటేలు ఇంటికీ పట్వారీ ఇంటికీ వెట్టి చేసేవాళ్లు. చచ్చిన గొడ్డును లాగడం, చావుకు డప్పు కొట్టడం. బాప్తిస్మం తీసుకున్నాక ఇక డప్పు కొట్టేది లేదన్నారు. అంతే, బావి బంద్, కూలి బంద్. పద్దులో 'కూలి లేదు' అన్న మాట వెనక ఏముందో అప్పుడు అర్థమైంది. "మరి ఎట్ల బతికిండ్రు?" అంటే "కొందరు మళ్ల కొట్టిండ్రు" అన్నాడు తాత మామూలుగా. "కడుపు గద."

బాప్తిస్మం రిజిస్టరు తెరిచి ఫోన్ కెమెరా పైకి పట్టుకోగానే మామ నా చెయ్యి కిందికి దించాడు.

"దానివి ఫోటోలు వద్దురా."

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్లకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన ఎస్సీలను మన దగ్గర బీసీ-సీలో వేశారు, ఒక్క శాతం రిజర్వేషన్. ఊళ్లో వాడ మారలేదు. బావి దగ్గర చూపు మారలేదు. సర్టిఫికెట్ మాత్రం మారాలి. అందుకని గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. దేవుడి పుస్తకంలో ఉన్న పేరు తహసీల్ ఆఫీసుకు చేరకూడదు. మా వాళ్లు చదువుకున్న రెండు తరాలూ ఈ టెన్షన్‌తోనే గడిచాయి. ఎవరిదో ఉద్యోగం మీద ఎవరో అర్జీ పెట్టారని, ఆ అర్జీతో ఇలాంటి రిజిస్టరు కాపీ జత చేశారని మామ చెప్పాడు. ఎవరు, ఎక్కడ అన్నది ఆయన చెప్పాడు, నేను రాయను.

సంఘం చరిత్ర రాయమన్నారు. సంఘం అంటే పేర్లే కదా. ఆ పేర్లు రాయకూడదు.

ఫోన్ జేబులో పెట్టుకుని, పద్దు పుస్తకం మాత్రం మళ్లీ తీసుకున్నాను. ఇంటామెలకు పేర్లు రాయని ఆ ఉపదేశి మీద సాయంత్రం నుంచి కోపంగా ఉంది. ఆ కోపం కొంచెం తగ్గింది.

ఆదివారం

జనవరి మొదటి ఆదివారం నిబంధన ఆరాధన. తొమ్మిదికన్నారు. అయ్యగారు వచ్చేసరికి పదింబావు. ఆయన కింద ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. బైకు మీద ఒక ఊరి తర్వాత ఒక ఊరు. వెస్లీ గుర్రం పోయి హీరో హోండా వచ్చింది గానీ సర్క్యూట్, బోధకుడు తిరిగే ఊళ్ల చుట్టు, మాత్రం అదే. మంకీ క్యాప్ తీసి, చేతులు రుద్దుకుని, అంగీ తొడుక్కుని నిలబడ్డారు.

బియ్యం పైసల గుడి ఇప్పుడు లేదు. దాని చోట స్లాబు బిల్డింగు. పాత దూలాల్లో ఒకటి మాత్రం వాకిట్లో చెప్పులు విడిచే చోట మెట్టుగా వేశారు. దాని మీద కాలు పెట్టి ఎక్కబోయి, తప్పుకుని పక్కనుంచి ఎక్కాను. చాపల మీద ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు. మగవాళ్ల వైపు సగం ఖాళీ. కుర్రాళ్లు సగం మంది హైదరాబాద్‌లో డెలివరీ బండ్ల మీద ఉన్నారు. మిగతావాళ్లలో కొందరు ఊరి చివర కొత్తగా వెలసిన ప్రార్థన మందిరానికి పోతున్నారు. అక్కడి స్పీకర్ల ముందు మా మైకు ఓడిపోయింది. కరెంటు కూడా పోయింది. అదే మంచిదయింది.

నిబంధన ఆరాధనను వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టాడు. ఏడాది మొదట్లో సంఘమంతా నిలబడి దేవుడితో మళ్లీ ఒప్పందం రాసుకున్నట్టు మాటిస్తారు. నన్ను పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే, నిండుగా ఉంచినా సరే, ఖాళీగా ఉంచినా సరే అన్నది దాని సారం. ముందు వరసలో నలుగురు ముసలమ్మలు. ఒక్కరికీ చదువు రాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్న ఒకామె అందరికన్నా ముందు చెబుతోంది, అయ్యగారు ఆమెను అందుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో మా చర్చిలో ప్రొజెక్టర్ మీద ఈ మాటలే చదువుతాను, ఏమీ అనిపించదు. కూలి బంద్ చేసిన ఊళ్లో, పక్కన పెడితే ఏమవుతుందో తెలిసిన వాడలో విన్నప్పుడు 'పక్కన పెట్టినా' అన్న చోట నా గొంతు కొంచెం ఆగింది. బైటికి చలి దగ్గులా వినిపించి ఉంటుంది.

కానుకలప్పుడు ఆడవాళ్లు లేచారు. ఇప్పుడు కుండలు లేవు, పాల ప్యాకెట్ కవర్లు కడిగి ఆరబెట్టి వాటిలో తెచ్చారు. సన్నబియ్యం. రేషన్ షాపులోనే సన్నబియ్యం ఇస్తున్నారు కదా, దేవుడికీ అవే. ఎవరూ కొలవడం లేదు, రాయడం లేదు. ఒకటే సంచిలో పోసేశారు.

ఆరాధన తర్వాత వేలం. ఒక నాటు కోడి, రెండు సొరకాయలు, కొత్తిమీర కట్టలు, ఓ పెద్ద గుమ్మడికాయ. కోడి మామూలు ధరకే పోయింది. గుమ్మడికాయ దగ్గర చిన్న తాత నన్ను మోచేత్తో పొడిచాడు. వంద అన్నాను. వెనకనుంచి ఎవరో నూటయాభై అన్నారు. రెండొందలన్నాను. మళ్లీ వెనకనుంచి రెండొందల యాభై. పట్నం నుంచి వచ్చినవాడు వెనక్కి తగ్గితే ఎలా? నాలుగొందలకు నాకు కొట్టారు. తిరిగి చూస్తే పాడుతున్నది మా మామే. ఊరంతా నవ్వారు.

వెళ్లేముందు అయ్యగారు అడిగారు, ఎంతవరకు వచ్చింది అని. పేర్లు లేకుండా రాస్తానన్నాను. "పేర్లు లేకపోతే మనవాళ్లకు ఎట్ల తెలుస్తది?" అన్నారు. చింతచెట్టు ఇల్లు, బావికాడి ఇల్లు, కడపటి ఇల్లు అని రాస్తానన్నాను. పక్కనే చాపలు చుడుతున్న ఓ నడివయసు ఆమె ఆగింది. "కడపటి ఇల్లు మాదే" అంది. ఆ ఇల్లు ఇప్పుడు కడపటిది కాదట, ఆ తర్వాత ఇంకో రెండు వీధులు పడ్డాయి. అయినా ఊళ్లో ఇప్పటికీ అలాగే పిలుస్తారట. ఆ మూడు వరసల సంగతి ఆమెకు చెబుదామనుకున్నాను. 'ఆమెకే సోలెడు ఇచ్చిన' అన్నది ఇంతమందిలో చెప్పాలా, చెప్పకూడదా? నేను తేల్చుకునేలోపే ఆమె చాపలు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం, అబిడ్స్

తెల్లవారుజామున బస్సు. గుమ్మడికాయను కాళ్ల మధ్య పెట్టుకున్నాను. కండక్టర్ దాన్ని చూసి, నన్ను చూసి, లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని ఆలోచించి వదిలేశాడు. నర్సాపూర్ దగ్గర బ్రేకు వేస్తే అది దొర్లుకుంటూ డ్రైవర్ దాకా పోయింది. వరసగా నలుగురు కాలు అడ్డం పెట్టి నా దగ్గరికి తిరిగి పంపారు.

మధ్యాహ్నం మా ఆవిడ ఆఫీసు అబిడ్స్‌లోనే కాబట్టి చిరాగ్ అలీ లేన్‌లో కలుసుకున్నాం. ఇక్కడ వాళ్ల మెథడిస్టులది పెద్ద ఆస్తి. కింద షాపులు, పక్కన జనం, హారన్లు. చాయ్ తాగుతూ నాలుగు రోజుల లెక్క ఆమెకు అప్పజెప్పాను.

అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చాక 1784లో అక్కడి మెథడిస్టులు తమ సంఘాన్ని తామే ఏర్పరచుకుని బిషప్పులను పెట్టుకున్నారు. ఇంగ్లండ్ మెథడిస్టులు బిషప్పుల జోలికే పోలేదు. 1870లో విలియం టేలర్ అనే అమెరికా బోధకుడు మన దేశానికి వచ్చి, నగరాల్లో రైల్వేవాళ్ల మధ్య, ఆంగ్లో-ఇండియన్ల మధ్య సంఘాలు పెట్టుకుంటూ పోయాడు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు 1874లో పడింది. వికారాబాద్ ఆ పట్టాల మీదే ఉంది. మా వాళ్లది గుర్రం దారి, వీళ్లది రైలు దారి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, ఇంగ్లండ్ మెథడిస్టులు, ఇంకొందరు కలిసి సీఎస్ఐ అయ్యారు. అలా బిషప్పులు లేని మా వాళ్లకు కూడా బిషప్పు వచ్చాడు. మెదక్‌కు ఫ్రాంక్ విటేకర్ మొదటి బిషప్. అమెరికా మెథడిస్టులు అందులో చేరలేదు, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా సొంత కాళ్ల మీద నిలబడ్డారు.

"అయితే పేరు మా దగ్గర ఉంది" అంది ఆమె.

"పేరు మీ దగ్గర, నిబంధన ఆరాధన మా దగ్గర."

"ధారూర్ జాతర?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నవంబరులో ధారూర్ అడవిలో వారం పాటు మెథడిస్ట్ జాతర జరుగుతుంది, 1923 నుంచి. పెళ్లైన కొత్తలో ఒకసారి తీసుకెళ్లింది. వాగు ఒడ్డున గుడారాలు, పొయ్యిలు, పాటలు, మొక్కులు, కర్ణాటక నుంచి వచ్చిన బండ్లు. మేం మెదక్‌లో రాతితో గోపురం కట్టుకున్నాం, వాళ్లు చెట్ల కింద జాతర పెట్టుకున్నారు. పల్లెవాళ్లకు ఏది ఎక్కువ కలిసొచ్చిందంటే జాతరే అంటాను. ఇంట్లో మాత్రం అనను.

రాత్రి గుమ్మడికాయ వంటగది గట్టు మీద పెట్టాను. నాలుగొందలని చెప్పలేదు, మామ ముందే ఫోన్ చేసి చెప్పేశాడట. ఈ కాయ దగ్గర మా రెండు ఇళ్లలోనూ ఒకటే ఆనవాయితీ. బాప్తిస్మం తీసుకుని నాలుగు తరాలైనా, గుమ్మడికాయకు మొదటి గాటు ఆడవాళ్లు పెట్టరు. ఎందుకని అడిగితే మా అత్తగారికీ తెలియదు, మా అమ్మమ్మకూ తెలియలేదు. మా ఆవిడ బియ్యం కడగడానికి గిన్నె తీస్తూ, కత్తి నా వైపు జరిపింది.